నైరుతి మూల నుయ్యి

ఆ నూతి నీళ్ళు నేను తాగాను. ఎండాకాలం సాయంత్రం, ఏతం బానలోంచి దోసిట్లో పట్టుకుని తాగాను. కాస్త ఉప్పగా ఉన్నాయి గానీ చల్లగా ఉన్నాయి. ఆ తర్వాత ఆ నూతిని కప్పేశారని, దాని మీద ఒకతను ఇల్లు కట్టుకుంటున్నాడని తెలిసి కూడా ఏళ్ళ తరబడి నోరు విప్పలేదు. మా కాలనీలో నా గురించి చెప్పుకునే మంచిమాటలు కొన్ని ఉండేవి. అవి ఎలా పుట్టాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది గోదావరి వైపు. స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చాక కూర్మన్నపాలెంలో చిన్న పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. తొంభైల నడిమిలో మా సెక్షన్ వాళ్ళం కొంతమంది కలిసి, పెందుర్తి దాటాక వరి పొలాల్లో వేస్తున్న లేఅవుట్‌లో స్థలాలు తీసుకున్నాం. ఎవరికి ఏ స్థలమో లాటరీలో తేలాలి. అందరూ ఆ రోజే చూడొచ్చనుకున్నారు. నాకే ఆగలేదు. లాటరీకి ముందే ఒక సాయంత్రం స్కూటరేసుకుని ఒక్కడినే వెళ్ళాను.

కోతలైపోయిన మళ్ళు, గట్లు, గట్ల మీద ఎండిన గడ్డి. మధ్యలో నేలనుయ్యి. చుట్టూ గోడ లేదు. నేలకి సమానంగా నోరు తెరుచుకుని ఉంది. దాని వెనక కొంచెం దూరంలో రెండు తాటిచెట్లు ఒకదానికొకటి ఆనుకున్నట్టుండేవి. ఎవరో ఏతం తొక్కుతుంటే నీళ్ళడిగి తాగాను. రెండు గేదెలు నా పక్కనే నిలబడి తమ వంతు కోసం చూస్తున్నాయి.

లాటరీ రోజుకి మళ్ళు లేవు, గట్లు లేవు. ట్రాక్టరుతో చదును చేసి ఎర్రకంకర పరిచేశారు. సున్నం పూసిన రాళ్ళు వరసలుగా పాతారు. షామియానా వేసి కూల్‌డ్రింకులిచ్చారు. స్టీలు బిందెలో చీటీలు కలిపి తీయించారు. నాకు తూర్పు ముఖం స్థలం వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా రాళ్ళు ఎక్కడున్నాయో చూద్దామని వెళ్ళి, వెనక దక్షిణం వైపు మూలన, అంటే నైరుతి మూలన నిలబడ్డాను. తలెత్తితే ఎదురుగా ఆ రెండు తాటిచెట్లు, ఒకదానికొకటి ఆనుకుని.

కిందికి చూశాను. కంకరలోంచి ఒక తాటిదుంగ కొస పైకి తేలి ఉంది. నూతి నోటి మీద దుంగలు అడ్డంగా పడేసి, గట్ల మట్టి తోసేశారు. కాలితో నొక్కితే నేల కొంచెం ఊగినట్టు అనిపించింది. దుంగ కొస మీదికి చెప్పుతో కంకర జరిపాను. ఆ పని ఎందుకు చేశానో అప్పటికి నాకే తెలీదు.

వాస్తు మీద నమ్మకం లేదని క్యాంటీన్లో గొంతెత్తి చెప్పేవాడిని నేను. కానీ నైరుతిలో నుయ్యి ఇంటి యజమానిని మింగుతుందనే మాట మా ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. ఆ భయం ఒకటి, కింద గుల్లగా ఉన్న నేల ఒకటి. రెండూ కలిసి నన్ను అక్కడినుంచి కదిలించాయి.

షామియానా కింద నా స్నేహితుడు డ్రింకు సీసా ముట్టకుండా కూర్చుని ఉన్నాడు. మా సెక్షనే. ఆనందపురం దగ్గరి రైతు కుటుంబం. వాళ్ళావిడకు తోడబుట్టిన మగవాళ్ళు లేరు. పరిచయమైన మొదటి నెల్లోనే నన్ను అన్నయ్యా అనేసింది, దాంతో అతనికి నేను బావనయ్యాను. అతనికి వచ్చింది వీధిపోటు స్థలం. రోడ్డు తిన్నగా వచ్చి గుండెల మీద గుద్దినట్టు ఆగే స్థలం.

"సూసావా బావా నా యోగం? లేఅవుట్ మొత్తానికి ఒక్కటే ఈదిపోటు. అది నా సేతికే వచ్చింది. మాయమ్మకి ఏటి సెప్పను?"

"నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు బావా. నాది నువ్వు తీసుకో. నీది నాకియ్యి."

"ఎగతాళి సేత్తన్నావా?"

"నిజంగానే."

లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు. మా ఫోరుమెన్ వెనకనుంచి, "గోదారోళ్ళకి నోరొక్కటే పెద్దదనుకున్నాన్రా, మనసు కూడా పెద్దదే!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడ పుట్టింది నా మంచిపేరు.

ఎప్పుడో వీలు చూసి చెప్పొచ్చులే అనుకున్నాను. అతని పునాదుల దగ్గర ఆ వీలు తనంతట తానే వచ్చింది. గోడ వరసలు నూతి నోటి పక్కనుంచి పోయాయేమో, దుంగలు తగల్లేదు గానీ, నైరుతి మూల తవ్వుతుంటే గునపం ఒక్క పోటుకే దిగిపోతోందని మేస్త్రీ చెప్పాడట. అతను నా దగ్గరికి వచ్చాడు.

"ఏటి బావా, ఆ మూల మట్టి మరీ మెత్తగుంది?"

"వరిపొలం కదా. పంటనేల మెత్తగా కాక ఇంకెలా ఉంటుంది? ఇంకో వరస రాయి వేయించు, సరిపోతుంది."

"మా పొలాలూ అంతేలే" అని వెళ్ళిపోయాడు. రైతు బిడ్డ. నేల గురించి అతనికి నేను చెప్పడం, అతను నమ్మడం. నా మీద అంత గురి.

కొన్నాళ్ళకు మా కాలనీ నిండింది. దాదాపు అందరం షిఫ్టుల మీద బతికేవాళ్ళమే. పగలు పడుకునే ఊరది. రాత్రి షిఫ్టు దిగివచ్చిన మనిషి గేటుకి తుండుగుడ్డ కట్టేవాడు. తుండు ఉన్నంతసేపు ఆ గేటు ఎవరూ తీయరు. కూరలమ్మి కేక ఆపేసి కాళ్ళు ఈడ్చుకుంటూ దాటిపోయేది. ఆడవాళ్ళు గిన్నెలు పెరట్లో కాకుండా వంటింట్లోనే తోముకునేవారు. చుట్టాలొచ్చినా పక్కింటి అరుగు మీద కూర్చోవాల్సిందే. మధ్యాహ్నం ఏ వీధిలో చూసినా గేట్ల మీద రంగురంగుల తుండ్లు, లోపల ఫ్యాన్ల చప్పుడు, బయట ఎండ. కొత్తగా వచ్చినవాళ్ళకి ప్రశాంతంగా ఉందనిపించేది. నాకు మాత్రం ఊరంతా ఊపిరి బిగబట్టి దేనికోసమో వింటున్నట్టుండేది.

వీధిపోటు నన్నేమీ చేయలేదు. షిఫ్టు బస్సు మలుపు తిరిగేటప్పుడు లైట్లు మా ముందు గది గోడ మీద పాకేవి, అంతే. డాబా ఎక్కితే నాకు అతని ఇంటి నైరుతి మూల కనబడేది. యజమాని నైరుతి గదిలోనే పడుకోవాలని వాళ్ళమ్మ పట్టుబట్టడంతో ఆ మూలనే పడగ్గది కట్టారు. గేటు మీద నీలం తుండు ఉందంటే, నా స్నేహితుడు ఆ నూతి మీద నిద్రపోతున్నాడని అర్థం.

పొలం పూర్తిగా పోలేదు. వానాకాలం రోడ్డు పక్క వరి మొలిచేది. ఎప్పటి గింజలో మరి. చుట్టుపక్కల మిగిలిన పశువులు పాత దారినే వచ్చేవి. ఎండెక్కగానే నాలుగైదు గేదెలు, ఒక ఆవు కాలనీలోకి వచ్చి, తిన్నగా అతని ఇంటి వెనక నైరుతి గోడ దగ్గర ఆగిపోయేవి. గోడకి మూతులు ఆనించి నిలబడేవి. మేత లేదు, నీడ లేదు. అలా నిలబడేవి. గోమాత తనంతట ఇంటికి వస్తోందని వాళ్ళావిడ మురిసిపోయి, రోజూ బకెట్టుతో కుడితి పెట్టేది.

ఒక మధ్యాహ్నం పశువుల్ని తోలే ముసలమ్మ నన్ను చూసి ఆగింది.

"ఈ కాడే మా నుయ్యుండీది బాబూ. మనుసులు మరిసిపోనారు గానీ పసువులు మరవవు. ఎండెక్కితే వాటి కాళ్ళు ఇటే లాగతాయి" అంది, మామూలు గొంతుతోనే.

నేను పెదాల మీద వేలుంచి నీలం తుండు చూపించాను. "పడుకున్నారు. గట్టిగా మాట్లాడకు."

ఆమె గొంతు తగ్గించింది. "మరి ఈ ఇంటోలికి ఎరికేనా బాబూ?"

"తెలుసు. వాళ్ళ నిద్ర చెడుతోంది, రేపట్నుంచి వీటిని ఇంకో దారిన తోలుకెళ్ళు" అన్నాను.

"ఎరికైతే సరే" అని పశువుల్ని అదిలించి తీసుకుపోయింది. తర్వాత వేరే దారిన తోలడం మొదలుపెట్టింది. కొన్ని రోజులు వాళ్ళావిడ కుడితి బకెట్టు పెట్టుకుని ఎదురు చూసింది. "గోవు మా ఇల్లు మరిసిపోనాది అన్నియ్యా" అని నాతో అంటే, నేను మాట మార్చి వాళ్ళ పెరట్లో బొప్పాయి చెట్టు గురించి ఏదో అడిగాను.

పగుళ్ళు మొదలైంది ఆ మరుసటి వానల్లో. పడగ్గది గోడలో కిటికీ మూలనుంచి కిందికి ఏటవాలుగా ఒక గీత. వాళ్ళావిడ నన్ను పిలిచి చూపించింది.

"మొన్న దారప్పోగంత ఉంది. ఇయ్యాల సూడన్నియ్యా, ఏలు దూరతంది. కొత్తింటికిది మంచిదేనా?"

"సిమెంటు ఆరేటప్పుడు అలా అవుతుంది చెల్లెమ్మా."

ఆమె నమ్మింది. వాళ్ళత్తగారు నమ్మలేదు. వాస్తు చూసే ఆయన్ని పిలిపించింది. ఆయన దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, నైరుతి మూలలో నిలబడి తేల్చేశాడు. "ఈశాన్యం కన్నా నైరుతి తేలికగా ఉంది. ఇల్లు నిలవాలంటే ఈ మూల బరువు పెట్టాలి."

ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. చేతిలో కాఫీ గ్లాసు ఉంది. మొదట బియ్యం బస్తాలు, రుబ్బురోలు ఆ గదిలోకి చేర్చారు. పగులు పెరిగింది. మెట్లు ఆ మూలకి మార్చారు. ఇంకా పెరిగింది. బరువు చాల్లేదన్నాడాయన. చివరికి డాబా మీద, సరిగ్గా ఆ మూలన, ఇటుకలతో సిమెంటు ట్యాంకు కట్టాలని నిశ్చయించారు.

మా కాలనీలో ఎవరింట్లో శ్లాబు పోసినా సెలవున్న మగవాళ్ళంతా వెళ్ళి వరసలో నిలబడి తట్టలందించడం ఆనవాయితీ. ట్యాంకు అడుగు పోసిన రోజు నేనూ మెట్ల మీద నిలబడ్డాను. కింద నుంచి వచ్చిన ప్రతి తట్టా నా చేతుల మీదుగానే పైకెళ్ళింది. నా స్నేహితుడు పైనుంచి, "కానియ్ బావా, తట్టలు సల్లబడిపోతన్నాయ్! ప్లాంటులో నిద్దరోయినట్టు ఇక్కడా నిద్దరోతన్నావేటి?" అని అరుస్తున్నాడు. పని అయ్యాక నుదురు తుడుచుకుంటూ, "ఇంక ఇది కదిలే ఇల్లు కాదు" అన్నాడు.

ఆ తర్వాత పొద్దున్నే వాళ్ళ మోటారు చప్పుడు వినబడినప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపేసేవాడిని. నీళ్ళు ఎక్కుతున్నాయి. నిండుతున్నాయి. మోటారు కట్టేస్తే గానీ ముద్ద దిగేది కాదు. మా ఆవిడ అడిగేది, ఎందుకలా ఉలిక్కిపడతారని. చెప్పాలనుకున్న ప్రతిసారీ ఆ షామియానా, ఆ చప్పట్లు గుర్తొచ్చేవి. చెబితే ఇప్పుడు పోయేది ఒక స్థలం కాదు. ఇన్నేళ్ళ నేను.

అది దసరాల ముందు వచ్చిన వాయుగుండం. రోజుల తరబడి వాన వదల్లేదు. ఒక మధ్యాహ్నం డాబా మీద నీళ్ళు నిలిచాయేమోనని ఎక్కాను. అటు చూస్తే అతని ఇంటి మెట్లు గోడనుంచి విడిపోయి ఉన్నాయి. ఆ సందులోంచి అవతల ఆకాశం కనబడుతోంది. ట్యాంకు ఒక పక్కకి వంగి ఉంది. గేటు మీద నీలం తుండు తడిసి వేలాడుతోంది.

పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆ గేటు ముందు ఆగిపోయాను. తుండు ఉందని ఆగాను. అదొక సాకు. లేపితే ఎందుకు లేపానో చెప్పాలి. వానలో అలా నిలబడి చెప్పడానికి తేలికైన మాట వెతికాను. దొరికింది.

గేటు తోసి పిలిచాను. అతను లుంగీ సర్దుకుంటూ వచ్చాడు.

"ఫోరుమెన్ ఫోన్ చేశాడు బావా. మధ్యాహ్నం షిఫ్టుకి మనిషి లేడట. ఓటీ. వెంటనే బయల్దేరమన్నాడు."

"ఈ వానలో ఓటీ ఏటి బావా? ఇప్పుడే గదేటి పడుకున్నాను. నీ నోట్లో మన్ను పడ!"

తిట్టుకుంటూనే చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని బస్సు కోసం వెళ్ళిపోయాడు. పిల్లలు బళ్ళో ఉన్నారు. అతని తల్లి సొంతూరు వెళ్ళింది. నేను వాళ్ళావిడతో, "మా ఆవిడ నిన్ను రమ్మంటోంది చెల్లెమ్మా. ఇప్పుడే. నాతో రా" అన్నాను.

"వత్తాను అన్నియ్యా. మీ బావ దుప్పటి అలాగే పారీసి ఎల్లిపోనాడు. మడిసీసి వచ్చీత్తాను."

"తర్వాత మడవొచ్చు, రా."

"సిటికెలో వచ్చీత్తానంటంటే!" నవ్వి లోపలికి వెళ్ళింది.

అక్కడ నుయ్యి ఉంది అని అప్పుడైనా అని ఉంటే ఆమె అడుగు వేసేది కాదు. రెండు మాటలు. నా నోట్లోనే ఉండిపోయాయి.

వచ్చిన చప్పుడు కూలినట్టు లేదు. ఏదో పెద్ద గొంతు గుటక వేసినట్టుంది. ఆ వెనక ట్యాంకు నీళ్ళు ఒక్కసారి కుమ్మరించిన హోరు. కాలనీలో నిద్రపోతున్న మగవాళ్ళంతా లుంగీలతో పరుగెత్తుకొచ్చారు. గోడ పెళ్ళల కింద ఆమె చెయ్యి కనబడితే లాగాం. ప్రాణం దక్కింది. కుడి భుజం నుజ్జయిపోయింది. ఆ చెయ్యి ఆ తర్వాత చెవి దాకా కూడా లేవలేదు. జడ వేసుకోవడం ఆ రోజుతో పోయింది. కూతురు బడికి వెళ్ళే ముందు ముడి వేసి వెళ్ళేది.

కుంగిన చోట ఏముందో ఎవరూ చూడలేదు. విరిగిన శ్లాబు దాని మీద మూతలా పడింది. వరిపొలం మట్టి, వానకి జారిపోయిందన్నారు.

నా స్నేహితుడు కొన్నాళ్ళకు అడిగాడు. "ఫోరుమెన్ ఫోనే సెయ్యలేదంటన్నాడు బావా. మరి నీకెవులు సేసినారు?"

"వాన కదా, సరిగా వినబడలేదు. ఎవరికో చేయబోయి నాకు చేశారేమో."

అతను చాలాసేపు నన్ను చూశాడు. ఇక దొరికిపోయాననుకున్నాను. రెండు చేతులూ జోడించాడు. "ఎవులూ సెయ్యలేదు బావా. నన్ను బతికించడానికి ఆ సింహాద్రప్పన్నే నీ సేత అలాగనిపించినాడు."

ఆ మాట కాలనీ అంతా పాకింది. స్థలం త్యాగం చేసినవాడిని, ఇప్పుడు దేవుడు పలికించినవాడిని. వినాయక చవితి పందిట్లో మొదటి కొబ్బరికాయ నా చేత కొట్టించేవారు.

వాళ్ళు ఆ శిథిలాన్ని అలాగే వదిలేసి, ఆనందపురం వెళ్ళి అద్దె ఇంట్లో చేరారు. అక్కడే ఇంకో అన్యాయం జరిగింది. వాస్తు ఆయన తన లెక్కలో తప్పు లేదన్నాడు. నైరుతిలో కావలసినంత బరువుంది కదా మరి? ఇంట్లో తప్పు లేదని తేలాక తప్పు మనిషి మీదికి వచ్చింది. "దీని పాదం అలాటిది. గోవు కూడా దీన్ని సూసి రావడం మానీసింది" అంది అత్తగారు. మొదట ఆమె ఏడ్చిందట. తర్వాత ఎదురు చెప్పడం మానేసింది. ఆ తర్వాత, అన్నిటికన్నా ఘోరం, తనే నమ్మేసింది. చెల్లెలు వరసయ్యే పిల్ల పెళ్ళికి వెళ్ళలేదట. పొరుగింటివాళ్ళు పాడిగేదెని కొంటే చూడ్డానికి కూడా వెళ్ళలేదట. ఇవన్నీ అతను క్యాంటీన్లో చెబుతుంటే టీ చల్లారేదాకా వినేవాడిని.

ఏళ్ళు గడిచాయి. నేను మా ఇంటి మీద మేడ వేసుకున్నాను. గృహప్రవేశానికి వాళ్ళను స్వయంగా వెళ్ళి పిలిచాను. వస్తారనుకోలేదు. కానీ మిట్టమధ్యాహ్నం ఆటో వచ్చి ఆగింది. అతను దిగాడు, వెనక ఆమె దిగింది. ముసలి అత్తగారు ఆటోలోనే కూర్చుని ఉంది. ఆమె ఎడమ చేతిలో అరటిపళ్ళ సంచీ. కుడి చెయ్యి కొంగు చాటున వేలాడుతోంది. గేటు దాకా వచ్చి, మామిడాకుల తోరణం చూసి, ఇవతలే ఆగిపోయింది.

"లోపలికి రా చెల్లెమ్మా."

"నాను ఇక్కడే నిలబడతానన్నియ్యా. కొత్తింటికి నా పాదం వద్దు. మా అన్నియ్య ఇల్లు సల్లగుండాల." పళ్ళ సంచీ గేటు మీదుగా నాకు అందించింది.

అతను నేల చూస్తున్నాడు. మెట్ల మీద మా సెక్షన్ వాళ్ళంతా భోజనాలు చేసి నిలబడి ఉన్నారు. పక్కింటి గేటుకి తుండు కట్టి ఉంది. అలవాటు కొద్దీ అందరం మెల్లగానే మాట్లాడుతున్నాం. నేను సంచీ కింద పెట్టి, గేటు తీసుకుని రోడ్డు మీదికి, ఆమె ఎదురుగా వెళ్ళాను. ఆటోలో ఉన్న పెద్దావిడకి, మెట్ల మీద ఉన్నవాళ్ళకి, లోపల నిద్రపోతున్నవాళ్ళకి కూడా వినబడేలా గట్టిగానే చెప్పాను.

"నీ పాదం వల్ల ఏమీ జరగలేదు చెల్లెమ్మా. మీ నైరుతి గది కింద నుయ్యి ఉంది. దాన్లో నీళ్ళు నేను తాగాను. లాటరీ రోజే నాకు తెలుసు, తెలిసే ఆ స్థలం మీకు అంటగట్టాను. మట్టి మెత్తగా ఉందని బావ అడిగితే అబద్ధం చెప్పాను. గోవు నీ ముఖం చూసి మానలేదు, నేను తోలేయించాను. ఫోను దేవుడు చేయించలేదు, నా పిరికితనం చేయించింది. ఆ రోజు నిజం చెప్పి ఉంటే నువ్వు దుప్పటి కోసం లోపలికి వెళ్ళేదానివి కాదు, నీ చెయ్యి నీకుండేది. రేపు పార పట్టుకుని ఆ శ్లాబు తీయించి అందరికీ చూపిస్తాను. అన్నయ్యా అని పిలిచినందుకు నీకు ఇంత చేశాను. తప్పంతా నాది. నన్ను క్షమించు తల్లీ."